పసుపు అంటిన ఉత్తరాలు

అల్ వక్రా క్యాంపు, ఖతార్
17 ఫిబ్రవరి 1980

బుచ్చన్నా,

నీ ఉత్తరం పదహారు రోజులకు చేరింది. ఈలోపు నిన్ను నాలుగుసార్లు తిట్టుకున్నాను. ఒకసారి చచ్చిపోయావేమోనని భయపడ్డాను కూడా. బతికే ఉన్నావు కాబట్టి ఆ తిట్లు నీ ఖాతాలోనే ఉండనీ.

మీరంతా దుబాయ్ దుబాయ్ అంటారు గానీ ఇది దుబాయ్ కాదని ఎన్నిసార్లు చెప్పినా నీ బుర్రకు ఎక్కదు. ఈ దేశం పేరు ఖతార్. కవరు మీద సరిగ్గా రాయి. మా అల్ వక్రా చేపల పడవలు ఆగే చిన్న ఊరు. ఊరు దాటాక ఇసుకలో రేకుల గదులు, అదే మా క్యాంపు. పొద్దున్నే బస్సెక్కించి దోహా దాటించి వెస్ట్ బే అనే చోటికి తీసుకుపోతారు. మొన్నమొన్నటిదాకా అక్కడ సముద్రమేనట. దాన్ని పూడ్చి నేల చేసి, ఆ నేల మీద పెద్ద హోటల్ కడుతున్నారు. చమురు డబ్బు ఉంటే సముద్రం కూడా పక్కకు జరుగుతుంది కాబోలు.

నా పని చెబితే నవ్వుతావు. క్రేన్ కింద నిలబడి చెయ్యి ఊపడం. నిజామాబాద్ గంజ్‌లో పద్నాలుగేళ్ళు పసుపు బస్తాలు మోసిన వీపు ఇది. ఇప్పుడు నేను చెయ్యెత్తితే ఇరవై బస్తాలు లేస్తాయి, దించితే దిగుతాయి. కానీ మాట్లాడే మనిషి లేడు. మా గదిలో పన్నెండు మందిమి ఉన్నాం, ఏడు భాషలు. శుక్రవారం నజ్మా పోతాను. అక్కడ మన బోధన్ ఫసీయుద్దీన్ హోటల్లో వంట చేస్తాడు. అతనితో ఓ గంట తెలుగు మాట్లాడి మళ్ళీ వారానికి సరిపడా నోరు మూసుకుంటాను. ఒంటరితనం ఇంత బరువుంటుందని అనుకోలేదన్నా.

సాయవ్వ చెప్పిన నాలుగు మాటలు రాశావు, కింద ఆమె వేలిముద్ర వేయించావు. ఆ ముద్ర పక్కన, కాగితం మూలన పసుపు అంటి ఉంది. మనవైపు శుభలేఖకే కదా మూలలకు పసుపు పెడతారు. నాకోసం ఏమైనా మొక్కుకుందా? అడిగి రాయి. ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను, ఇంకా వాసన పోలేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆమెను గంజ్ వైపు రానియ్యకు. నేను సముద్రం దాటింది నా పెళ్ళాం చాట పట్టి కూలికి కూర్చోవడానికి కాదు.

నీ
ముత్యం


గంజ్ హమాలీ సంఘం, నిజామాబాద్
22 మార్చి 1980

తమ్మీ ముత్యం,

నన్ను చంపి మళ్ళీ బతికించినందుకు సంతోషం. మీ వదిన గౌరవ్వకు నీ ఉత్తరం చదివితే, "నాలుగు తిట్లు ఆడికెల్లి తిట్టుడెందుకు, నేను ఈడ దినాం తిడ్తనే ఉన్న గద" అన్నది.

నీ పదిహేడో నంబరు హమాలీ బిళ్ళ సంఘం గదిలో మేకుకే వేలాడుతోంది. ప్రతి అమావాస్యకు గంజ్ మూసినప్పుడు సాయవ్వ వచ్చి చింతపండుతో తోమి పోతుంది. ఊరు వదిలి పోయినవాడి బిళ్ళను వాడు తిరిగి వచ్చేదాకా వేరే హమాలీ ఎవరూ ముట్టరాదన్నది మనం పెట్టుకున్న కట్టుబాటే కదా, తప్పం.

పసుపు సంగతి అడిగావు. ఆడవాళ్ళున్న ఇంట్లో పసుపు ఉండకపోతే ఏముంటుంది? ఎక్కువ ఆలోచించకు.

ఇక్కడ వేరే తలనొప్పి మొదలైంది. పోయిన ఏడు గోదావరి అవతల, పక్క రాష్ట్రంలో వానలు పడలేదు. అవతలివాళ్ళు ముప్పై నలభై మంది బాసర వంతెన మీదుగా రైల్లో వచ్చి గంజ్ షెడ్డుల్లో మకాం పెట్టారు. అడ్తీదారు సుధాకరరావు వాళ్ళతో సగం కూలికే బస్తాలు దింపిస్తున్నాడు. మొన్న మనవాళ్ళు రేటు పెంచమని అడగబోతే, "గేటు కాడ కూసున్నోళ్ళను చూసిండ్రా? వాళ్ళను పిలవమంటరా?" అన్నాడు. బుధవారం నాడు మన జట్టుకు పొద్దంతా ఒక్క బండి కూడా దొరకలేదు. పదహారు మందిమి గోడకు ఆనుకుని కూర్చున్నాం.

అరవై తొమ్మిది ఉద్యమంలో ఊరి గోడలన్నిటి మీదా మన నౌకరీలు మనకే అని రాసిన చెయ్యి నీది. నువ్వుంటే బాగుండును.

బుచ్చన్న


అల్ వక్రా
29 మే 1980

బుచ్చన్నా,

ఎండ గురించి రాయను. రాస్తే కాగితం కాలుతుంది.

గంజ్ సంగతి చదివి రక్తం ఉడికింది. ఇక్కడా అదే బాగోతం. మా కంపెనీ ఎక్కడెక్కడివాళ్ళనో కొత్త బ్యాచ్ దించింది, మాకన్నా తక్కువకు ఒప్పుకున్నవాళ్ళు. ఒకడు కిందికి దిగితే అందరం దిగాలి. నా పనికేమీ ఢోకా లేదులే, క్రేన్ కిందే ఉన్నాను.

ఇక్కడ నాకొక స్నేహితుడు దొరికాడు. సైట్ గేటు దగ్గర వాచ్‌మన్, పేరు బూ రాషిద్, ఈ దేశం మనిషే. డెబ్బై దాటి ఉంటాడు. పడుచుతనంలో ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడట. నా పేరుకు అర్థం చెబితే పళ్ళు లేని నోటితో ఎంతసేపు నవ్వాడో. ముత్యాలు అమ్మే పడవల్లో బొంబాయి పోయి వచ్చాడు కాబట్టి హిందీ వస్తుంది. ముత్యాల బేరం పడిపోయాక దుఖాన్‌లో చమురు కంపెనీకి పైపులు మోశాడు. కంపెనీ బయటి కూలీలను దించితే, ముందు మాకివ్వాలని అందరూ పని ఆపేశారట. అంటే ఈయనా మన జాతేనన్నా, హమాలీ జాతి!

మొన్న టీ తాగుతూ నా భుజం తట్టి, "తుమ్ అచ్ఛా ఆద్మీ. లేకిన్ తుమ్ లోగ్ బహుత్ జాస్తీ" అన్నాడు. నువ్వు మంచివాడివే గానీ మీరంతా మరీ ఎక్కువైపోయారు అని. పనులన్నీ బయటివాళ్ళే చేస్తుంటే తన కొడుకుకు పడవ తాడు ముడి వెయ్యడం కూడా రాదట. పుట్టిన ఊళ్ళో టీ కొట్టుకు పోతే టీ హిందీలో అడగాల్సి వస్తోందట. అంటున్నప్పుడు ఆయన కళ్ళలో కోపం లేదు, దిగులుంది. ఆయన చెప్పింది నిజమే కదా.

సాయవ్వ ఉత్తరానికి ఈసారి రెండు మూలలా పసుపు ఉంది. మొక్కు పెద్దదే అయి ఉంటుంది. నవ్వొచ్చింది, ధైర్యమూ వచ్చింది.

ముత్యం


నిజామాబాద్
11 జూలై 1980

తమ్మీ,

సంఘం పెద్ద మీటింగ్ సెప్టెంబరులో పెట్టాం. తీర్మానం ఒకటే: గోదావరి అవతల పుట్టినవాళ్ళకు గంజ్‌లో పని ఇవ్వరాదు, ఇస్తే మనం బస్తా ముట్టం. సగం మంది సరేనంటున్నారు, సగం మంది నసుగుతున్నారు. "కడుపు ఎవనికైనా కడుపే గద బుచ్చన్నా" అని రాజన్న లాంటివాళ్ళు. రాజన్న మాటకు విలువుంది, నీకు తెలుసు. దానికి ఎదురు నిలిచేది నీ రాత ఒక్కటే. మీటింగులో చదవడానికి ఒక ఉత్తరం రాసి పంపు. దుబాయ్ నుంచి వచ్చిందంటే జనం ఇంకా బాగా వింటారు.

ఒక్క సంగతి అడగాలి. పసుపు ఏరే ఆడవాళ్ళలో కొందరు అవతలి నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. వాళ్ళను తీర్మానంలోంచి తీసేద్దామా? తీసేస్తే మంచిదేమోనని నాకనిపిస్తోంది. నిదానంగా ఆలోచించి రాయి. తొందరపడకు.

బుచ్చన్న


అల్ వక్రా, ఖతార్
15 ఆగస్టు 1980

గంజ్ హమాలీ సంఘంలోని అన్నలకు, తమ్ముళ్ళకు, పసుపు ఏరే అక్కచెల్లెళ్ళకు,

పదిహేడో నంబరు ముత్యం నమస్కారాలు. మీ మధ్య నిలబడి చెప్పాల్సిన మాట సముద్రం ఇవతలి నుంచి చెబుతున్నాను. నా మాటను బుచ్చన్న గొంతులో వినండి.

అవతలివాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. ఆకలైతే ఎవరైనా నడుస్తారు. నేనూ నడిచాను. కానీ గంజ్‌కు వచ్చే బస్తాలు ఎన్నో అన్నే వస్తాయి. మోసే వీపులు పెరిగినంత మాత్రాన పసుపు ఎక్కువ పండదు. పది మంది తినే అన్నానికి ఇరవై మంది కూర్చుంటే ఇరవై మందికీ ఆకలి తీరదు. దాన్ని దయ అంటారా?

అడ్తీదారు కొత్తవాళ్ళను ఎందుకు పిలుస్తున్నాడు? వాళ్ళ మీద జాలితోనా? మనం కూలి అడిగినప్పుడల్లా గేటు వైపు వేలు చూపించడానికి. ఈ రేటు ఊరికే రాలేదు. ఇరవై రెండు రోజులు గేటు ముందు ఎండలో కూర్చుంటే వచ్చింది. ఆ రోజుల్లో గంజి కాచి పోసిన చేతులు మీలోనే ఉన్నాయి. కొత్తగా వచ్చినవాడు ఆ రేటును ఒక్క పొద్దులో కింద పడేస్తాడు. కావాలని కాదు, తెలియక. వాడు షెడ్డులో పడుకుంటాడు. వాడికి ఇక్కడ ఇంటి కిరాయి లేదు, పిల్లల బడి లేదు, బోనం లేదు, బంధువుల చావు లేదు. సగం కూలితో బతకగలడు. మనం బతకలేం. అది వాడి గొప్పతనమూ కాదు, మన బద్ధకమూ కాదు.

ఇంకొకటి. అవతలి కూలివాళ్ళంతా ఇటే వచ్చేస్తే అక్కడి ఆసాములను నిలదీసేదెవరు? వాళ్ళ ఊళ్ళో వాళ్ళు నిలబడాలి, మన ఊళ్ళో మనం నిలబడాలి. రాజన్న కడుపు ఎవరికైనా కడుపే అంటాడట. నిజమే. అందుకే ఎవరి పొయ్యి వాళ్ళు ముట్టించుకోవాలి అంటున్నాను.

ఈ ఖతార్ దేశంలో పనికి ముందు ఇక్కడివాళ్ళను తీసుకోవాలి, తర్వాత అరబ్బులను, ఆ తర్వాతే మాలాంటివాళ్ళను అని చట్టమే ఉందట. ఆ మాట విన్నప్పుడు నాకు కోపం రాలేదు. ఇల్లన్నాక గడప ఉండాలి. గడప ఉన్నంత మాత్రాన ఇంటివాళ్ళు దుర్మార్గులు కారు. గడప లేనిది ఇల్లు కాదు, బజారు.

ఆడవాళ్ళకు మినహాయింపు ఇద్దామా అని సెక్రటరీ బుచ్చన్న అడిగాడు. వద్దు. మగవాళ్ళకు మూసిన దారి ఆడవాళ్ళకు తెరిస్తే రేపు వాళ్ళ వెనకే తమ్ముళ్ళు, బావలు వస్తారు. చిల్లి చిన్నదైనా కుండ కారుతుంది. అవతల పుట్టినవాళ్ళు, ఆడైనా మగైనా, ఒకటే రూలు. కష్టమనిపించినా చేతులెత్తండి. ఇక్కడ నా రెండు చేతులూ ఎత్తి ఉన్నాయనుకోండి.

మీ
ముత్యం


నిజామాబాద్
6 అక్టోబరు 1980

ముత్యం,

తీర్మానం గెలిచింది. నీ ఉత్తరం చదువుతుంటే గడప మాట దగ్గర చప్పట్లు మోగాయి. రాజన్న కూడా చివరికి చెయ్యెత్తాడు. సుధాకరరావు దిగివచ్చాడు. అవతలివాళ్ళు చాలామంది రైలెక్కి వెళ్ళిపోయారు. మన జట్టుకు రోజూ బండ్లు దొరుకుతున్నాయి, పోయిన వారం కూలి కూడా కొంచెం పెంచారు.

పని ఎక్కువగా ఉంది. ఇంతకన్నా రాయలేను.

బుచ్చన్న


అల్ వక్రా
20 నవంబరు 1980

బుచ్చన్నా,

గెలిచినందుకు సంతోషం. కానీ గెలిచినవాడి ఉత్తరంలా లేదు నీది. పైగా సాయవ్వ మాట ఒక్కటి లేదు, వేలిముద్ర లేదు, పసుపు లేదు. కవరు చించి లోపల వెతికాను కూడా. ఒంట్లో బాగాలేదా? దాచకు. ఇంత దూరంలో ఉన్నవాడికి దాచిన మాట చెప్పిన మాటకన్నా ఎక్కువ వినిపిస్తుంది.

దాచడం నాకూ వచ్చు కాబట్టే అడుగుతున్నాను. మే నెలలో నా పనికి ఢోకా లేదని రాశాను. అబద్ధం. అప్పటికే క్రేన్ పని పోయింది, మళ్ళీ సిమెంటు బస్తాలే మోస్తున్నాను. ఇంకొక అబద్ధం ఉంది. కొత్త బ్యాచ్ ఎక్కడెక్కడివాళ్ళో అన్నాను. వాళ్ళు మన ఆర్మూరు, మెట్‌పల్లివాళ్ళు. క్రేన్ కింద ఇప్పుడు చెయ్యి ఊపుతున్నది ఆర్మూరు పోశన్న. మొదటి రోజు నన్ను చూసి, "అన్నా, మనోడు ఒక్కడన్న దొరికిండు" అని చెయ్యి పట్టుకున్నాడు. నేను విదిలించుకుని వచ్చేశాను. ఆరు నెలలుగా ఒకే బస్సులో పోతున్నాం, అతనితో మాట్లాడలేదు. తెలుగు మాట కోసం ఏడ్చినవాణ్ణి, పక్క సీట్లో తెలుగు కూర్చుంటే కిటికీలోంచి ఇసుక చూస్తున్నాను. సంఘానికి రాసిన ఉత్తరంలో సగం కోపం పోశన్న మీదిదే.

సాయవ్వ ఎలా ఉందో రాయి. ఒక్క ముక్క రాసినా చాలు.

ముత్యం


నిజామాబాద్
9 జనవరి 1981

తమ్మీ,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

నువ్వు పోయిన రెండు నెలలకే సాయవ్వ గంజ్‌కు వచ్చింది. పసుపు ఏరే పనికి. నీ మాట చెప్పి వద్దన్నాను. "ఇంట్ల గోడలు మింగుతున్నయి బుచ్చన్నా, ఆయనకు చెప్పకు" అని నా చేత ఒట్టు వేయించుకుంది. ఉత్తరం మీద వేలిముద్ర వేయడానికి పని మధ్యలో లేచి వచ్చేది. కొంగుతో ఎంత తుడుచుకున్నా ఆ చేతుల పసుపు పోయేది కాదు. అదీ నువ్వు అనుకున్న మొక్కు.

ఆమె పుట్టింది అవతల, ధర్మాబాద్ పక్కన. నువ్వు మరిచిపోయావు. నాకు గుర్తుంది. గుర్తుండే ఆడవాళ్ళ సంగతి నిన్ను అడిగాను. నువ్వు వద్దని రాశావు. అప్పుడైనా ఒట్టు గట్టున పెట్టి నీకు చెప్పాల్సింది. పోనీ చదివేటప్పుడు ఆ నాలుగు వాక్యాలు మింగేసినా ఎవరికీ తెలిసేది కాదు. మింగలేదు. ఒకరికి సందు ఇస్తే తీర్మానం ఓడిపోతుందని భయం. నాకు గెలుపు కావాలి తమ్మీ. నా పాపం అదే.

మర్నాడు రిజిస్టరు పెట్టి ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ అవ్వగారి ఊరు ఏది, ఎక్కడ పుట్టావు అని అడిగారు. సాయవ్వ దగ్గరికి వచ్చేసరికి నేను నీళ్ళు నమిలాను. వెనక నుంచి ఎవరో, "సెక్రటరీ దోస్తు పెండ్లానికి ఒక రూలు, మాకొక రూలా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే ఆమె లేచి చాట గోడకు ఆనించింది. "మా ఇంటాయన పెట్టిన రూలు నేనే తప్పితే ఎట్ల?" అని వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ చేసి అన్న దగ్గరికి పోయింది. నేను, గౌరవ్వ స్టేషన్‌దాకా పోయి బతిమాలాం. ఆగలేదు.

నీ బిళ్ళ మేకు మీదే ఉంది. అమావాస్యకు తోమేవాళ్ళు లేక నల్లబడుతోంది.

బుచ్చన్న


ధర్మాబాద్ తాలూకా, గోదావరి అవతల
2 ఫిబ్రవరి 1981

(సాయవ్వ గారు చెప్పింది చెప్పినట్టే రాయమన్నారు. భర్త పేరు నోటితో చెప్పనన్నారు. కవరు మీద పేరు, అడ్రసు బుచ్చన్న గారు ఇచ్చిన చీటీ చూసి రాశాను. — శకుంతల, టీచర్)

నువ్వు మంచిగున్నవా? నేను మంచిగనే ఉన్న.

బుచ్చన్న నీకు అంత రాసిండట, ఆయన మీద కోపం జేయకు. ఒట్టు పెట్టించుకున్నది నేను. నువ్వు పంపేది సాలక గంజ్‌కు పోలే. నువ్వు దుబాయ్ పోయినంక ఇంట్ల నేనొక్కదాన్నే. పొద్దుగాల రెండు రొట్టెలు చేసుకునుడు, తినుడు. అటెన్క పొద్దెట్ల పోవాలె? గంజ్‌ల ఇరవై మంది ఆడోళ్ళ నడుమ కూసుంటే ఒకామె పాట పాడ్తది, ఒకామె అత్తను తిడ్తది, పొద్దు గూకుతది. గంతే.

మీటింగ్ నాడు నేను గూడ పోయిన. ఎప్పుడన్న నీ ఉత్తరం వస్తే, "బాగున్నడట, నిన్ను అడిగిండు" అని నాకు ఒక్క ముక్క చెప్తరు. ఆనాడు నీ మాట మొత్తం విన్న. గొంతు బుచ్చన్నది, మాట నీది. ఎంత మంచిగ చెప్పినవు! పక్కన గంగాబాయిని మోచేత్తోని పొడిచి, మా ఇంటాయన రాసిండు అని చెప్పిన. గడప మాటకు అందరు సప్పట్లు కొట్టిండ్రు, నేను గూడ కొట్టిన. చేతులెత్తుమంటే అందరికంటె ముందుగాల ఎత్తింది నేనే. ఆడోళ్ళకు గూడ అన్నప్పుడు విన్న. అవతలోళ్ళంటే షెడ్డుల పండుకునేటోళ్ళు అనుకున్న. పన్నెండేండ్ల పిల్లగ నీ ఇంటికి వచ్చిన. నేను అవతలిదాన్నని నాకెట్ల తెలుస్తది?

తెల్లారి రిజిస్టర్‌ల నా పేరు కాడ మా ఊరి పేరు రాసినంక తెలిసింది.

ఈడ మా అన్న మంచిగనే చూస్తుండు. వదినె ఏమనది, గని నా చాప దినానికొక తావుల ఏస్తది. మిరపకాయల మార్కెట్‌ల తొడిమెలు తీసే పనికి పోతే, "నువ్వు నిజామాబాద్ దానివి, గీ పని మా ఊరోళ్ళది" అన్నరు. నీ ఉత్తరం వీళ్ళకు గూడ వచ్చిందా ఏంది అనుకున్న.

పసుపు చూసి నువ్వు మొక్కనుకున్నవట. బుచ్చన్న చెప్తే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఈ ఉత్తరానికి పసుపు లేదు. టీచరమ్మ సిరా డబ్బి ఇచ్చింది, దాంట్ల ఏలు ముంచి పెట్టిన. జవాబు ఏ ఊరికి రాయాలెనో నాకు గూడ తెల్వదు. ఇప్పటికైతే ఈడనే ఉన్న.


అల్ వక్రా
6 మార్చి 1981

సాయవ్వా,

నీ పేరు పెట్టి నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు, దేశం వదిలి ఏడాదిన్నర. ఇన్నాళ్ళూ బుచ్చన్నకు రాసి, నిన్ను అడిగానని చెప్పమన్నాను. సంఘానికి మూడు పేజీలు రాశాను. నీకు ఒక్క పేజీ రాయలేదు.

టీచరమ్మా, ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. తప్పు నాది సాయవ్వా. బుచ్చన్నది తర్వాత. అవతలివాళ్ళు అని రాసేటప్పుడు నువ్వు నా కళ్ళముందు లేవు. నువ్వు పుట్టిన ఊరు గుర్తులేక కాదు, నిన్ను మనిషిగా లెక్కలోకి తీసుకోక. ఇంట్లో ఉన్నదానివి, ఇంట్లోనే ఉంటావు అనుకున్నాను. ఆ ఇంట్లో నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావో ఒక్కసారీ అడగలేదు. ఇక్కడ నా ఒంటరితనం నాకు పెద్దగా కనబడింది, నీది కనబడలేదు.

మా గేటు దగ్గర బూ రాషిద్ అని ఒక ముసలాయన ఉన్నాడు. జరిగింది చెప్పి, ఆయన మాటలు వినే ఆ రూలు రాశానని తప్పు ఆయన మీదికి నెట్టబోయాను. ఆయన, "మై ఝూట్ నహీ బోలా. తుమ్ అప్నా ఘర్ కో పూఛా?" అన్నాడు. నేను అబద్ధం చెప్పలేదు, నువ్వు నీ ఇంటిని అడిగావా అని. అడగలేదు అన్నాను. ఒక గుప్పెడు ఖర్జూరాలు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం బస్సులో పోశన్న పక్కన కూర్చున్నాను. సగం ఖర్జూరాలు అతనికిచ్చాను. ఆర్మూరులో అతని తల్లికి ఒంట్లో బాగాలేదట. ఇన్ని నెలలుగా ఆ మాట చెప్పుకోవడానికి అతనికి మనిషి లేడు.

సంఘానికి ఇంకో ఉత్తరం రాశాను. నా మొదటి ఉత్తరం చదివినంత గట్టిగా దీన్నీ చదవమని బుచ్చన్నకు చెప్పాను. రూలు పోతుందన్న నమ్మకం మాత్రం లేదు. ఆ వాదన నేను కట్టిందే, అది ఎంత గట్టిదో నాకు తెలుసు. అందులో అబద్ధం ఎక్కడుందో ఇప్పటికీ వెతుకుతున్నాను, దొరకడం లేదు. నువ్వు అందులో లేవు, అంతే. పదిహేడో నంబరు బిళ్ళ మేకు మీది నుంచి తీసెయ్యమన్నాను. నీకు చోటు లేని గంజ్‌లో నా నంబరు వేలాడటం నాకు ఇష్టం లేదు.

పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది. జూన్‌లో సెలవు ఇస్తామన్నారు. నేను రావాలనుకుంటున్నాను. మళ్ళీ ఇక్కడికి తిరిగి రాకూడదని కూడా అనుకుంటున్నాను. ఏ ఊళ్ళో ఉందాం, ఏం చేసుకుని బతుకుదాం అన్నది నేను రాయను. ఇన్నేళ్ళూ రాసింది చాలు.

ఇవాళ నజ్మాలో ఫసీయుద్దీన్ వంటింట్లో పసుపు డబ్బా అడిగి తీసుకున్నాను. కాగితానికి నాలుగు మూలలా పెట్టాను. కింద ఉన్న వేలిముద్ర నాది. సంతకం వచ్చు గానీ వేలే పెట్టాలనిపించింది.

రావాలా వద్దా, వస్తే ఏ ఊరికి రావాలి, టీచరమ్మతో రాయించు. రావద్దంటే రావద్దనే రాయించు. నా మాట కదా అని మాత్రం ఈసారి చెయ్యెత్తకు.

ముత్యం